సోషల్ మీడియా మానేస్తే మనసు కుదుటపడుతుందా? పుకార్లు ఆగుతాయా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ మానేసి రెండేళ్ళు దాటింది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచి పెళ్ళి భోజనాల దగ్గర, ఆఫీసు క్యాంటీన్‌లో, ఒకసారి పళ్ళ డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చున్నప్పుడు కూడా జనం అవే ప్రశ్నలు అడుగుతున్నారు. చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి అన్నీ ఒకచోట రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను. ఈ విషయం మీద జరిగిన పరిశోధనలు కొన్ని చదివాను, నా మీద నేనే ఒక ప్రయోగం చేసుకున్నాను, అంతే.

సోషల్ మీడియా మానేయడం అంటే వాట్సాప్ కూడానా?

మన దగ్గర అసలు చిక్కు ఇదే. అమెరికాలో ఈ చర్చ ఎక్కువగా ఫేస్‌బుక్ చుట్టూ తిరిగింది. మన ఇళ్ళల్లో స్కూల్ హోంవర్క్ నుంచి అపార్ట్‌మెంట్ నీళ్ళ ట్యాంకర్ దాకా, శుభలేఖ నుంచి చావు కబురు దాకా అన్నీ వాట్సాప్‌లోనే. అది తీసేయడమంటే ఊళ్ళో ఉండి ఊరికి దూరం కావడమే.

అందుకని నేను రెండుగా విడదీసి చూస్తాను. ఫేస్‌బుక్, ఇన్‌స్టా, యూట్యూబ్ షార్ట్స్ లాంటివాటిలో మీరేం చూడాలో యాప్ నిర్ణయిస్తుంది, కింద అడుగంటూ ఉండదు. వాట్సాప్‌లో మీకు ఏదైనా పంపేది మనుషులే, అదీ ఎక్కువగా మీరు నమ్మే మనుషులు. నా అనుభవంలో మనసుని నలిపేది ఎక్కువగా మొదటి రకం, పుకారుని ఇంట్లోకి మోసుకొచ్చేది ఎక్కువగా రెండో రకం. చాలామంది మొదటిది మానేసి, రెండోదాని బెడద కూడా వదిలిందనుకుంటారు. కింద రాసిందంతా ఈ తేడా చుట్టూ తిరుగుతుంది.

మానేస్తే మనసు నిజంగా తేలికపడుతుందా?

కొంచెం. "30 రోజులు ఫోన్ మానేశాను, నా జీవితమే మారిపోయింది" లాంటి వీడియోలు చూసి వచ్చేవాళ్ళు పెద్ద అద్భుతమే ఆశిస్తారు కాబట్టి ఆ "కొంచెం" అన్న మాటని ఇంకోసారి చదువుకోండి. (ఆ వీడియో చూసింది కూడా ఫోన్‌లోనే, సరే.)

2018లో అమెరికా మధ్యంతర ఎన్నికల ముందు హంట్ ఆల్కాట్, మాథ్యూ జెంట్స్‌కో మరి ఇద్దరు ఆర్థికవేత్తలు కలిసి ఒక ప్రయోగం చేశారు. సుమారు 2,700 మంది ఫేస్‌బుక్ వాడేవాళ్ళని తీసుకుని, చీటీలు తీసినట్టు వాళ్ళలో కొందరిని ఎంచి, నాలుగు వారాలు అకౌంట్ ఆపేస్తే 102 డాలర్లు ఇస్తామన్నారు. ఆపేసినవాళ్ళకి రోజుకి సగటున గంట మిగిలింది. సంతోషం, తృప్తి కాస్త పెరిగాయి, దిగులూ ఆందోళనా కాస్త తగ్గాయి. 2020 ఎన్నికల ముందు ఇదే పనిని ఇంకా పెద్ద ఎత్తున చేశారు. ఫేస్‌బుక్ వాళ్ళు దాదాపు 20 వేలు, ఇన్‌స్టా వాళ్ళు 15 వేల పైచిలుకు. కొందరు ఆరు వారాలు దూరంగా ఉన్నారు. మంచే జరిగింది గానీ ఈసారి మార్పు ఇంకా చిన్నది.

అందులో నాకు ఆసక్తిగా అనిపించింది ఎవరికి ఎక్కువ మేలు జరిగిందన్న సంగతి. ఇన్‌స్టా మానేసినప్పుడు పాతికేళ్ళ లోపు ఆడపిల్లలకి. ఇది ఊహించిందే. ఫేస్‌బుక్ మానేసినప్పుడు మాత్రం 35 దాటినవాళ్ళకి! మన ఇళ్ళల్లో ఫోన్ గురించి తిట్లు తినేది పిల్లలు. పదో తరగతి క్లాస్‌మేట్ విల్లా గృహప్రవేశం ఫోటోలు చూసి అర్ధరాత్రి దాకా దొర్లేది నాన్న. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఇంకో మాట. నిజంగా డిప్రెషన్ ఉంటే యాప్ తీసేసినంత మాత్రాన సరిపోదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మొదటి వారం ఎలా ఉంటుంది?

చిరాగ్గా ఉంటుంది. మొదటి మూడు రోజులు నా బొటనవేలు నా మాట వినలేదు. ఫోన్ లాక్ తీయగానే రెండో వరుసలో మూడో ఐకాన్ ఉండే చోటికి దానంతట అదే వెళ్ళేది. ఇన్‌స్టా తీసేసిన ఆ చోట్లోకి క్యాలిక్యులేటర్ వచ్చి కూర్చుంది. ఆ వారం నేను క్యాలిక్యులేటర్ తెరిచినన్ని సార్లు మా వీధి కిరాణా కొట్టాయన కూడా తెరిచి ఉండడు.

నాలుగో రోజు కుక్కర్లో పప్పు పెట్టి, విజిల్స్ కోసం ఊరికే స్టవ్ పక్కన నిలబడ్డాను. మూడు విజిల్స్ రావడానికి అంతసేపు పడుతుందని నాకు అంతవరకు తెలియదు. కిటికీలోంచి ఎదురింటి డాబా మీద ఎవరో వడియాలు తిరగేస్తూ కనిపించారు. ఏదో కోల్పోతున్నానన్న టెన్షన్ పదో రోజుకి గానీ తగ్గలేదు. ఏం కోల్పోతున్నానో మాత్రం ఇప్పటికీ చెప్పలేను.

మిగిలిన ఆ గంట ఏమవుతుంది?

జాగ్రత్తగా లేకపోతే ఇంకో యాప్ మింగేస్తుంది. 2018 ప్రయోగంలో వాళ్ళు ఎక్కువగా టీవీ చూశారు, ఇంట్లోవాళ్ళతో, స్నేహితులతో గడిపారు. నా గంట మాత్రం మొదటి నెల మొత్తం యూట్యూబ్ షార్ట్స్ పాలైంది. గుట్కా మానేసి పాన్ పరాగ్ మొదలెట్టినట్టు! యూట్యూబ్ సెట్టింగ్స్‌లో వాచ్ హిస్టరీ ఆపేసి, పాత హిస్టరీ చెరిపేస్తే హోమ్ పేజీ ఖాళీ అయిపోతుంది. 2023 ఆగస్టు నుంచి ఈ పద్ధతి ఉంది. ఏదైనా కావాలంటే మనమే పేరు కొట్టి వెతుక్కోవాలి. ఆ ఒక్క పని నాకు అకౌంట్ డిలీట్ చేసినంత ఉపయోగపడింది.

మానేస్తే తప్పుడు వార్తలు నమ్మడం తగ్గుతుందా?

అందరూ అవునని అనుకునే ప్రశ్న ఇది. సమాధానం అంత సూటిగా లేదు.

2018 ప్రయోగంలో ఫేస్‌బుక్ మానేసినవాళ్ళకి రాజకీయ విషయాల్లో పట్టుదలలు కాస్త సడలాయి. దాంతోపాటు ఆ నెలలో జరిగిన వార్తలు తెలియడం కూడా తగ్గింది. 2020లోనూ ఫేస్‌బుక్ మానేసినవాళ్ళకి వార్తల పరిజ్ఞానం తగ్గింది, ఆన్‌లైన్‌లో తిరిగిన అబద్ధాలని నమ్మడం కూడా కొంత తగ్గినట్టు కనిపించింది. అంటే తాలుతో పాటు గింజలు కూడా పోయాయి.

మనకి బాగా దగ్గరగా ఉండేది బ్రెజిల్ ఉదాహరణ. అక్కడ కూడా వాట్సాప్ లేకపోతే పొద్దు గడవదు. 2022 ఎన్నికల ముందు తియాగో వెంచురా బృందం కొందరిని మూడు వారాల పాటు వాట్సాప్‌లో వచ్చే ఫోటోలు, వీడియోలు, ఆడియోలు తెరవొద్దని కోరింది. యాప్ తీసేయమనలేదు, మెసేజ్‌లు చదువుకోవచ్చు. ప్రచారంలో ఉన్న పుకార్లు వాళ్ళ కంటపడటం బాగా తగ్గింది. కానీ ఏది నిజం, ఏది అబద్ధం అని అడిగితే మిగతావాళ్ళకంటే మెరుగ్గా చెప్పలేకపోయారు. కంటికి కనపడకపోవడం వేరు, బుర్రలోంచి పోవడం వేరు.

దీనికి నాకు తోచే కారణం ఒకటుంది. ఒకే మాట మళ్ళీ మళ్ళీ వింటే అది నిజమనిపించడం మొదలవుతుందని మనస్తత్వవేత్తలు 1977లోనే చూపించారు. నాలుగేళ్ళుగా వంద సార్లు విన్న మాట మూడు వారాలు వినకపోతే చెరిగిపోతుందా?

నేను మానేసినా పుకారు నన్ను వెతుక్కుంటూ వస్తుందా?

వస్తుంది. పది రూపాయల నాణెం గుర్తుందా? చెల్లదని ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు. కిరాణా కొట్లో తీసుకోలేదు, ఆటోవాలా తీసుకోలేదు, కూరగాయలమ్మి "నా దగ్గర ఎవరు తీసుకుంటారయ్యా" అని తిరిగిచ్చేసింది. ఇన్ని డిజైన్లు ఉండటం వల్ల జనానికి అనుమానం వచ్చింది. చలామణిలో ఉన్న 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వ్ బ్యాంకే ప్రకటించినా చాలా చోట్ల నాణెం చేతులు మారలేదు. స్మార్ట్‌ఫోనే లేని ఆ కూరగాయలమ్మికి ఈ పుకారు ఏ యాప్‌లో వచ్చి ఉంటుంది?

అదే ఏడాది వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వదంతి తెలుగు రాష్ట్రాలని వణికించింది. దేశమంతా తిరిగిన ఒక వీడియోలో ఇద్దరు బైక్ మీద వచ్చి పిల్లాడిని లాక్కుపోతారు. అది కరాచీలో పిల్లల భద్రత కోసం తీసిన అవగాహన వీడియో. చివర్లో పిల్లాడిని వెనక్కి తెచ్చి దించి, అట్ట మీద రాసిన సందేశం చూపిస్తారు. ఆ చివరి ముక్క కోసేసి పంపారు.

అప్పట్లో జోగులాంబ గద్వాల జిల్లా ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి దీన్ని ఎదుర్కొన్న తీరు నాకు చాలా ఇష్టం. మండుటెండల కాలంలో జనం ఆరుబయట మంచాలు వేసుకోకుండా తలుపులు బిగించుకుని లోపల పడుకోవడం ఊళ్ళలో తిరిగే పోలీసుల కంటపడింది. పాలమూరు వైపు వేసవి రాత్రి వాకిట్లో మంచం లేదంటే ఏదో జరిగినట్టే. ఆరా తీస్తే ఫోన్లలోని వీడియోలు బయటపడ్డాయి. ఆమె ఎవర్నీ వాట్సాప్ మానేయమనలేదు. కానిస్టేబుళ్ళకి తర్ఫీదు ఇచ్చి సుమారు 400 ఊళ్ళకి పంపారు. డప్పు కొట్టించి చాటింపు వేయించారు, కళాజాతా బృందాలతో పాటలు పాడించారు. పోలీసులు ఊరి వాట్సాప్ గ్రూపుల్లో కూడా చేరారు. పుకారు ఫోన్లలో వచ్చినా జవాబు ఎక్కువగా నోటిమాటగానే వెళ్ళింది. ఆ ఊళ్ళలో ఆ పుకారు వల్ల ఒక్క ప్రాణం కూడా పోలేదు.

అన్ని చోట్లా అలా జరగలేదు. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లాలో ఐదుగురిని కొట్టి చంపారు. జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లా ముర్కి దగ్గర హైదరాబాద్ నుంచి వెళ్ళిన ఒక యువ ఇంజనీరు బలయ్యాడు. విదేశం నుంచి వచ్చిన స్నేహితుడు దారిలో పిల్లలకి చాక్లెట్లు పంచడమే వాళ్ళు చేసిన నేరం. వాళ్ళ కారు వీడియో వాళ్ళకంటే ముందు పక్క ఊరికి చేరింది. ఆ గుంపులో ఎంతమందికి వాట్సాప్ ఉందో, ఎంతమంది కేకలు విని పరిగెత్తుకొచ్చారో?

సాధారణ పుకార్ల వల్ల నష్టమేముంది? నవ్వుకుని వదిలేయొచ్చుగా?

కోళ్ళ రైతుని అడగండి. 2020 ఫిబ్రవరిలో చికెన్ తింటే కరోనా వస్తుందన్న మాట పుట్టింది. ధర పాతాళానికి పడిపోయింది. ఫిబ్రవరి 28న హైదరాబాద్‌లో కేటీఆర్, ఈటల రాజేందర్ లాంటి మంత్రులు స్టేజీ ఎక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది. ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాలో కరోనాకి మందని టిక్‌టాక్ వీడియోలో చూసి, ఉమ్మెత్త గింజల రసం తాగి కొందరు ఆసుపత్రి పాలయ్యారు. ఉమ్మెత్త విషమని మన తాతలకి తెలుసు. వీడియో దాన్ని మరిపించింది.

మానేస్తే ఎదుటి వర్గం మీద కోపం తగ్గుతుందా?

ప్రతిసారీ తగ్గదు. 2019లో బోస్నియాలో, 1995లో వేలమంది బోస్నియా ముస్లింలని చంపిన స్రెబ్రెనిట్సా మారణహోమాన్ని స్మరించుకునే వారంలో ఫేస్‌బుక్ ఆపేసినవాళ్ళకి ఇతర జాతుల మీద అభిప్రాయం మెరుగవ్వలేదు సరికదా, కాస్త చెడింది. చుట్టూ అంతా తమవాళ్ళే ఉండే ఊళ్ళలో ఇది ఎక్కువ. ఫేస్‌బుక్‌లో అప్పుడప్పుడైనా ఎదుటివాడి మాట వినిపించేది, అది కూడా పోయింది. మన రచ్చబండ దగ్గర కూడా ఒక్కోసారి మనవాళ్ళ మాటే వినిపిస్తుంది కదా.

ఫ్యామిలీ గ్రూప్ నుంచి ఎలా బయటపడాలి?

బయటపడకండి. నేను ఒకసారి ఆవేశంగా బయటికొచ్చాను. 2022 తర్వాత గ్రూప్ వదిలితే అడ్మిన్‌కి మాత్రమే తెలుస్తుంది కదా, పరవాలేదనుకున్నాను. మా అడ్మిన్ మా పెద్దమ్మ! సాయంత్రానికల్లా అమ్మకి ఫోన్: "ఏమే, మీవాడికి మేమేం తక్కువ చేశాం?" ఆదివారం స్వీట్ బాక్స్ పట్టుకెళ్ళి మళ్ళీ చేరాను.

దానికంటే గ్రూప్‌ని మ్యూట్ చేసి ఆర్కైవ్‌లో పడేయండి. సెట్టింగ్స్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతట అవే డౌన్‌లోడ్ కాకుండా ఆపండి. ఫోన్ మెమరీ కూడా మిగులుతుంది. మిమ్మల్ని గ్రూపుల్లో ఎవరు చేర్చవచ్చో ప్రైవసీ సెట్టింగ్స్‌లో "కాంటాక్ట్స్ మాత్రమే" అని పెట్టుకోండి.

ఇంట్లో పెద్దవాళ్ళు ఫేక్ ఫార్వర్డ్‌లు పంపుతుంటే ఏం చేయాలి?

అందరి ముందు గ్రూప్‌లో "ఇది ఫేక్" అని పెట్టొద్దు. పరువు పోయాక ఎవరూ వినరు, ఇంకా పట్టుబడతారు. మా మావయ్య ఒకసారి, కోసిన ఉల్లిపాయ గదిలో పెడితే వైరస్‌ని పీల్చేస్తుందని పంపారు. విడిగా ఫోన్ చేశాను.

"మావయ్యా, ఇది మీకెవరు పంపారు?"

"మా వాకింగ్ ఫ్రెండోయ్. రిటైర్డ్ తహసీల్దారు. ఆయన అబద్ధం చెప్తాడా?"

"ఆయన చెప్పరు. ఆయనకెవరు పంపారో?"

"అదెలా తెలుస్తుంది?"

"మెసేజ్ మీద రెండు బాణాలు ఉన్నాయి చూడండి. అంటే ఇప్పటికే చాలా చేతులు మారి వచ్చిందని."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మీ అత్తయ్య నిన్నే రెండు ఉల్లిపాయలు కోసి బెడ్‌రూమ్‌లో పెట్టింది, ఒకటే కంపు" అన్నారు. ఇప్పుడు ఆయన ఏదైనా అనుమానంగా ఉంటే గ్రూప్‌లో పెట్టేముందు నాకు పంపుతున్నారు. రోజుకి నాలుగు వస్తాయి. అదో శిక్ష అనుకోండి.

ఆ బాణాలకీ ఒక కథ ఉంది. 2018 హత్యల తర్వాత వాట్సాప్ మన దేశంలో ఒకేసారి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ చేసేలా పరిమితి పెట్టింది, తర్వాత ప్రపంచమంతా అదే అమలైంది. రెండు బాణాలున్న, అంటే బాగా తిరిగిన మెసేజ్‌ని 2020 ఏప్రిల్ నుంచి ఒకసారికి ఒక చాట్‌కే పంపగలం. తెలుగులో సరిచూసుకోవాలంటే హైదరాబాద్ నుంచే నడిచే ఫ్యాక్ట్‌లీ, న్యూస్‌మీటర్ ఉన్నాయి. చాలా ఫేక్ ఫోటోలు కొత్తగా తయారుచేసినవి కావు, ఎక్కడో ఎప్పుడో తీసిన పాతవే. గూగుల్ లెన్స్‌లో పెడితే అర నిమిషంలో పుట్టుపూర్వోత్తరాలు బయటపడతాయి.

అమెరికాలో ఉంటున్నాం, మానేస్తే ఊరితో సంబంధం తెగిపోదా?

కొంత తెగుతుంది. డాలస్‌లో ఉండే మా చెల్లెలు ఇన్‌స్టా మానేశాక మా పిన్ని మనవడి అన్నప్రాసన ఫోటోలు రెండు నెలల తర్వాత చూసి ఏడ్చినంత పని చేసింది. ఇప్పుడు శనివారం రాత్రి వాళ్ళకి, ఆదివారం పొద్దున మనకి, ఒక వీడియో కాల్ పెట్టుకున్నాం. అందరం కనిపించేది ముప్పావుగంటే. కానీ లైక్ కొట్టి వెళ్ళిపోయే పద్ధతి కంటే పోట్లాటలు ఎక్కువ, కబుర్లు ఎక్కువ.

డీయాక్టివేట్ చేయాలా, డిలీట్ చేయాలా?

మొదట డీయాక్టివేట్, అంటే అకౌంట్‌ని తాత్కాలికంగా ఆపడం. ఫేస్‌బుక్, ఇన్‌స్టా రెండింటిలోనూ డిలీట్ కొట్టాక 30 రోజుల్లోపు లాగిన్ అయి మనసు మార్చుకోవచ్చు, ఆ తర్వాత కుదరదు. డిలీట్ చేసేముందు మీ ఫోటోల కాపీ డౌన్‌లోడ్ చేసుకోండి. ఫోన్‌లో యాప్ తీసేసినంత మాత్రాన అకౌంట్ పోదని మర్చిపోకండి.

నా వ్యాపారమే ఇన్‌స్టాలో ఉంది. చీరలు లైవ్‌లో అమ్ముతాను.

మానేయకండి, బువ్వ పెట్టే చోటు అది. కొట్టు తెరిచే టైము, మూసే టైము పెట్టుకోండి. వీలైతే ఆ అకౌంట్‌కి వేరే ఫోన్ కొనండి. రాత్రి పదింటికి షట్టర్ దించేసినట్టు ఆ ఫోన్‌ని బీరువాలో పెట్టేయండి.

పిల్లల సంగతేంటి?

ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ళ లోపు పిల్లలకి అకౌంట్లు లేకుండా చేసింది. ఫలితం ఎలా ఉంటుందో చూడాలి. నాకు దానికంటే బీహార్‌లో జరిగింది నచ్చింది. అక్కడ 583 ఊళ్ళలో 13 వేలమందికి పైగా పిల్లలకి, తప్పుడు సమాచారాన్ని పసిగట్టడం క్లాసులు పెట్టి నేర్పారు. నాలుగు నెలల తర్వాత కూడా పిల్లలకి అది గుర్తుంది. పైగా వాళ్ళ తల్లిదండ్రులు కూడా మెరుగయ్యారు. అంతకు ముందు అదే రాష్ట్రంలో పెద్దవాళ్ళకి గంటసేపు పాఠం చెబితే పెద్దగా ఫలితం రాలేదు.

మళ్ళీ వెనక్కి వెళ్ళిపోతే?

వెళ్తారు, చాలామంది వెళ్ళారు. 2018 ప్రయోగంలో గడువు అయిపోయాక ఎక్కువమంది తిరిగి లాగిన్ అయ్యారు, కానీ వాడకం మునుపటికంటే ఐదో వంతుకి పైగా తగ్గింది. నేను కూడా మధ్యలో ఒకసారి, పాత ఫోటో ఒకటి కావాలని ఫేస్‌బుక్‌లోకి వెళ్ళాను. వెళ్ళింది రాత్రి తొమ్మిదింటికి. బయటికొచ్చేసరికి పదకొండున్నర, ఫోటో మాత్రం దొరకలేదు. మర్నాడు అమ్మని అడిగితే బీరువాలో పాత ఆల్బమ్‌లోంచి తీసిచ్చింది.